మేకు కొట్టకుండా వచ్చిన ఇంటర్నెట్టు

పుంగనూరులో మా అత్తగారింటికి ఫోను తొంభైలలోనే వచ్చింది. మనుషులతో మాట్లాడడానికి కాదు, టమోటా ధర కనుక్కోవడానికి. మా మామ పొద్దున్నే మదనపల్లె మార్కెట్టుకు ఫోన్ చేసి బాక్సు ఎంత పలికిందో అడిగి, ఆ రోజు నవ్వుతూ తిరగాలా, కనబడినవాళ్ళందరి మీదా అరవాలా అన్నది నిర్ణయించుకునేవారు. ఫోను తీగ వీధి స్తంభం నుంచి వచ్చి పడసాలలో ఆయన మంచం పక్కనే ఆగిపోయింది. దాని ఒంటి నిండా అతుకులే. ఉడుత కొరికిన చోట ఒకటి, సున్నం కొట్టినాయన నిచ్చెన ఆనించిన చోట ఒకటి, ఎందుకు తెగిందో ఎవరికీ తెలియని చోట ఒకటి. ఆ తీగలో సగం మాటలే పోయేవి. మిగతా సగం మదనపల్లెకు గాలిలో చేరేలా మామ అరిచేవారు.

నేను పుట్టి పెరిగింది కుప్పంలో. పెళ్ళికి ముందు రోజూ రైల్లో బెంగుళూరు పోయి వచ్చేదాన్ని. ఒక కంపెనీలో పని. అమెరికా డాక్టర్లు రోగిని చూశాక తమ మాటల్ని రికార్డు చేసి పంపుతారు, మనం చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని విని టైపు చేయాలి. కొందరు డాక్టర్లు నోట్లో ఏదో నములుతూ మాట్లాడతారు. కొందరు కారు నడుపుతూ గొణుగుతారు. పక్క సీటు వాళ్ళకు అర్థం కానివన్నీ నాకు అర్థమయ్యేవి, అందుకు నాకు కాస్త పొగరు కూడా ఉండేది. ఎందుకు దాచాలి, ఆ పని నాకు ప్రాణం.

పెళ్ళై పుంగనూరు వచ్చాక, అదీ రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు, ఆ ఊరికి బ్రాడ్‌బ్యాండు వచ్చింది. కంపెనీ వాళ్ళకు ఉత్తరం రాస్తే ఇంట్లోనే కూర్చుని చేసుకోవచ్చన్నారు. ఒకటే షరతు. వాళ్ళు చెప్పిన సోమవారం పొద్దున పరీక్ష ఉంటుంది. టిఫిన్ల వేళ మొదలుపెట్టి అన్నాల వేళ దాకా, లైను తెగకుండా, వాళ్ళ కంప్యూటరుతో కలిసి ఉండి ఫైలు పూర్తి చేయాలి. మధ్యలో తెగితే ఇంకో అవకాశం ఉండదు, నా వెనక చాలామంది కాచుకుని ఉన్నారు. రోగుల సంగతులు కాబట్టి బజారులోని నెట్ సెంటరులో చేయకూడదు, ఇంట్లోనే చేయాలి. ఆ పని దొరక్కపోతే ఇక నా బతుకంతా మామకు టీ పెట్టి టమోటా ధర వినడమే.

లైన్‌మన్ వచ్చి పాత తీగను చూసి తల అడ్డంగా ఊపాడు. అది ఇంటర్నెట్టును మోయలేదట. స్తంభం నుంచి కంప్యూటరు దాకా అతుకు లేని కొత్త తీగ లాగాలన్నాడు. కంప్యూటరు ఉండేది చివరి గదిలో, మామ అరుపులు కాస్త తక్కువగా వినబడే చోట. తీగ పడసాల దాటి, నడిమిల్లు దాటి అక్కడికి చేరాలి. ఆయన సంచిలోంచి సుత్తి, చిన్న చిన్న మేకులు తీశాడు. అంతలో వంటింట్లోంచి మా అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“ఆగప్పా. ఏం జేస్తాండావు?”

“తీగకు మేకులు కొట్టాల గదమ్మా.”

“కోడలు కడుపుతో ఉండాది. ఈ ఇంట్లో మేకు కొట్టగూడదు.”

ఆయన నవ్వుతాడనుకున్నాను. ఆయన నాకేసి చూసి, నా కడుపుకేసి చూసి, సుత్తిని సంచిలో పెట్టేశాడు.

“ముందే సెప్పుండొచ్చు గదమ్మా. తెలిసుంటే సుత్తి బయిటికే తీసుండను. మా ఇంట్లో గూడా అంతే.”

నాకు ఒళ్ళు మండింది. గర్భిణి ఉన్న ఇంట్లో గోడకు దెబ్బ తగిలితే లోపలి బిడ్డకు తగులుతుందని మా వైపు పట్టింపు. నాకప్పుడు ఐదో నెల. ఆ ఇంట్లో ఇంటర్నెట్టు కావలసింది నాకు, దానికి అడ్డం పడింది నా కడుపు. ఎవరితో పోట్లాడాలో కూడా అర్థం కాని పరిస్థితి.

సరే, పుంగనూరులో కాకపోతే కుప్పంలో పెట్టించుకుంటానని మా అమ్మకు ఫోన్ చేశాను.

“ఆడ కొట్టగూడని మేకు ఈడ కొట్టొచ్చునా? నువ్వు యాడుంటే ఆ ఇంటికే గదమ్మా ఆ పట్టింపు,” అంది అమ్మ. అంతటితో ఊరుకోలేదు. మా అత్తను ఫోన్ దగ్గరికి పిలిపించుకుని, నా బిడ్డను బాగా చూసుకుంటున్నారని మెచ్చుకుంది. ఇద్దరూ చాలాసేపు ఒకరినొకరు మెచ్చుకున్నారు. నేను పక్కనే నిలబడి పళ్ళు నూరుకున్నాను.

మా ఆయనకు మదనపల్లెలో విత్తనాల అంగడిలో పని. అంగడి దగ్గరే ఓ గది బాడుగకు ఉందంటే చూడడానికి పోయాం. ఇంటి యజమానురాలు నన్ను చూసి ఎంత సంతోషపడిందో. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది, కుంకుమ పెట్టింది, తలలో పూలు పెట్టింది. “రూము నీదే అనుకోమ్మా,” అంది. “మేకులు మాత్రం కాన్పైనంక కొట్టుకుందువు.” మజ్జిగ గ్లాసు కింద పెట్టి బయటికి వచ్చేశాను. దారంతా మా ఆయనతో మాట్లాడలేదు. పాపం ఆయనేం చేశాడని. అయినా ఎవరో ఒకరి మీద చూపించాలి కదా.

రెండోసారి వచ్చినప్పుడు లైన్‌మన్ సుత్తికి బదులు డ్రిల్లు తెచ్చాడు. ఆయనకూ పట్టుదల పుట్టినట్టుంది.

“ఇది కొట్టేది కాదమ్మా, తిప్పేది,” అన్నాడు.

అత్త ఆలోచనలో పడింది. నిజానికి ఆమెకు నా ఉద్యోగం మీద ఏ కోపమూ లేదు. వీధిలో కనబడినవాళ్ళందరికీ, మా కోడలు అమెరికా డాక్టర్లు సెప్పేది ఇంటుంది, వాళ్ళకు రాయను రాదంట, ఈమే రాసిస్తాది అని చెప్పుకునేది. డ్రిల్లు సంగతి తేల్చడానికి పక్క వీధిలో పంచాంగం చూసే అయ్యవారిని పిలిపించింది. ఆయన డ్రిల్లును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఒకసారి ఆడించి చూపించమన్నారు. అది గుర్రుమనగానే రెండడుగులు వెనక్కి వేశారు.

“శాస్త్రంలో దీని మాట యాడా రాలేదమ్మా,” అని తాంబూలం తీసుకుని వెళ్ళిపోయారు.

“ఆయప్పకే బయమైపోయిండాది. మనకేంటికి?” అంది అత్త. డ్రిల్లు కూడా సంచిలోకి పోయింది.

అక్కడినుంచి మేకు లేకుండా తీగను గోడకు నిలబెట్టే పని మొదలైంది. గమ్‌టేపు వేశాం. మాది పాత మట్టి మిద్దె, ఏడాదికోసారి సున్నం కొట్టి కొట్టి గోడ మీద సున్నం అప్పడంలా లేచి ఉంటుంది. టేపు సున్నాన్ని గట్టిగా పట్టుకుంది, సున్నం గోడను వదిలేసింది. రెండూ కలిసి మామ టీలో పడ్డాయి. తరవాత సినిమా పోస్టర్లు అంటించే మైదా జిగురు ఉడికించి అంటించాం. ఎలుకలు జిగురంతా నాకేసి, పనిలో పనిగా తీగ రుచి కూడా చూసి పోయాయి. లైన్‌మన్ మళ్ళీ కొత్త తీగ తెచ్చాడు. నేల మీద పరుద్దామంటే, కాలికి తగిలి నేను పడతానని అత్త ఒప్పుకోలేదు. ఈ ఒక్క దాంట్లో ఆమె అన్నది న్యాయమే.

చివరికి దారి చూపించింది కూడా ఆమే.

“కొత్త మేకు కొట్టగూడదు గానీ, పాత మేకులు గోడకు ఊరికే ఉండాయి గదా.”

ఇంట్లో ఎన్ని మేకులున్నాయో నాకు ఆ రోజే తెలిసింది. అయితే ఊరికే ఉన్న మేకు ఒక్కటీ లేదు. క్యాలెండరుది ఒకటి, అద్దానిది ఒకటి, చేట తగిలించేది ఒకటి, మామ చొక్కాది ఒకటి. క్యాలెండరు, అద్దం, చేట గొడవ లేకుండా దిగిపోయాయి. మామ మాత్రం అడ్డం తిరిగారు.

“నా చొక్కా యాడ తగిలిచ్చాల?”

“ఒంటికి తగిలిచ్చుకో,” అంది అత్త.

పడసాలకూ నడిమిల్లుకూ మధ్య వాకిలి గుమ్మం పైన ఉన్న మేకే అన్నిటికంటే కావలసింది. దానికి మామ తండ్రి ఫోటో ఉంది, గంధపు చెక్కల దండతో. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఫోటోను నేల మీద పెట్టకూడదు, మంచం మీద పెట్టకూడదు. అందుకని తుడిచి, బయట వసారాలో కుర్చీ మీద కూర్చోబెట్టారు. పెద్దాయనకు మనసు కష్టం కాకుండా అత్త ముందర ఓ దీపం కూడా పెట్టింది.

సదుం నుంచి మామకు దూరపు చుట్టం ఒకాయన ఏదో పని మీద పుంగనూరు వచ్చి మా వీధిలో పోతున్నాడు. కుర్చీ, దండ, దీపం చూశాడు. చేతిలో సంచి కింద వదిలేసి వసారాలో కూలబడి ఏడ్వడం మొదలుపెట్టాడు. మామ పరుగెత్తుకొచ్చారు.

“ఎప్పుడు పొయినాడప్పా? నాకొక మాట సెప్పకపోతిరే,” అన్నాడు చుట్టం.

“ఆయప్ప పొయ్యి శానా ఏండ్లయింది గదప్పా. నువ్వే గదా పాడె మోసింది.”

చుట్టం ఏడుపు ఆపి ఫోటోను పరీక్షగా చూశాడు. “అవును గదా,” అన్నాడు. “మరి ఇప్పుడేంటికి కుర్చీలో కూసోబెట్టిండారు?”

“ఇంటర్నెట్టు కోసరం.”

ఆయన కాసేపు ఆలోచించి, కళ్ళు తుడుచుకుని, ఫోటోకు దండం పెట్టుకుని వెళ్ళిపోయాడు. సదుంలో ఏం చెప్పాడో తెలియదు గానీ, తరవాత అక్కడినుంచి ఇంకెవరో వచ్చి, మీ ఇంట్లో పెద్దాయన ఇంటర్నెట్టులోకి వచ్చినాడంట కదా, మా నాయన కూడా వస్తాడేమో కనుక్కుని చెప్తారా అని అడిగారు. మామ వాళ్ళకు కాఫీ ఇచ్చి పంపారు.

మొత్తానికి తీగ ఒక దారికి వచ్చింది. స్తంభం నుంచి కిటికీలోకి, కిటికీ నుంచి క్యాలెండరు మేకుకు, మామ చొక్కా మేకుకు, అక్కడినుంచి తాత ఫోటో మేకుకు, తరవాత నడిమింట్లోని ఉయ్యాల కొక్కేనికి, అద్దం మేకుకు, చేట మేకుకు, చివరికి నా బల్ల మీద మోడెముకు. మోడెములో పచ్చ దీపం వెలిగింది. నేను చేతులు తట్టాను. అయితే తీగ చివర ప్లగ్గును పెట్టి తీసి పెట్టి తీసి చూసేసరికి, దాన్ని పట్టి ఉంచే చిన్న ప్లాస్టిక్కు నాలిక విరిగిపోయింది. “లాగితే ఊడొచ్చేస్తాదమ్మా, లాగొద్దండి,” అని చెప్పాడు లైన్‌మన్. ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఫోను మోగితే ఇంటర్నెట్టు తెగుతుంది. తెగకుండా చేసే చిన్న డబ్బా ఒకటి ఉంటుందట, అది అప్పటికి స్టాకు లేదట.

పరీక్ష సోమవారం పొద్దున ఫోనును గోడ నుంచి పీకేశాం. టమోటా ధర తెలియకుండా ఇంట్లో ఎలా కూర్చోవాలో మామకు తెలియలేదు. వసారాలో అటూ ఇటూ తిరిగి, చివరికి ధర కళ్ళారా చూసి వస్తానని బస్సెక్కి మదనపల్లె పోయారు. మా ఆయన అంతకు ముందే అంగడికి పోయాడు. ఇంట్లో నేనూ అత్తా మిగిలాం. కరెంటు ఉంది. పచ్చ దీపం వెలుగుతోంది. హెడ్‌ఫోను పెట్టుకుని, డాక్టరు మాటల్ని ఆపి నడిపించే పెడలు మీద కాలు పెట్టి మొదలుపెట్టాను. ఎవరో ముసలాయన మోకాలి ఆపరేషను గురించి డాక్టరు గొణుగుతున్నాడు. నాకు ప్రతి మాటా అర్థమవుతోంది. ఎన్ని నెలల తరవాత అలా కూర్చున్నానో, సంతోషంతో వేళ్ళు వాటంతట అవే పరుగెత్తుతున్నాయి.

సగం అయి ఉంటుంది. వాకిలి దగ్గర మట్టి రాలిన శబ్దం హెడ్‌ఫోనులోకి కూడా వినబడింది. తెరిచి ఉన్న తలుపులోంచి చూస్తే, తాత ఫోటోను అన్నేళ్ళు మోసిన మేకు ఈ తీగ బరువుకు పిడికెడు మట్టితో సహా ఊడి కింద పడింది. తీగ వాకిలికి అడ్డంగా వేలాడుతోంది. మోడెములో ప్లగ్గు ఒక పక్కకు జారింది. పచ్చ దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. ఒక చేత్తో ప్లగ్గు పట్టుకున్నాను. ఒంటి చేత్తో టైపు చేయడం ఎవరివల్ల అవుతుంది?

“అత్తా, మేకు,” అని కేకేశాను.

ఆమె వచ్చింది. కింద మేకును చూసి, తీగను చూసి, నన్ను చూసింది. మేకును ఎత్తుకుని పాత బొక్కలో పెట్టి బొటనవేలితో నొక్కింది. బొక్క పెద్దదైపోయింది, అది నిలవలేదు. వంటింట్లోకి పోయి, రోట్లో నూరే పొత్రం పట్టుకొచ్చింది. స్టూలు ఎక్కి, పక్కన గట్టి చోట మేకు ఆనించి, పొత్రం ఎత్తింది. ఒక్క దెబ్బ చాలు. ఒకే ఒక్క దెబ్బ.

కొట్టలేదు. పొత్రం అలాగే పట్టుకుని కాసేపు నిలబడింది. తరవాత దిగి, పొత్రాన్నీ మేకునూ గూట్లో పెట్టి, పెరట్లోకి పోయి మునక్కాయలు కోసే దోటి తెచ్చింది. దోటి కొసతో తీగను ఎత్తి, ఉండాల్సిన ఎత్తులో పట్టుకుని, ఆ గడప పక్కనే నిలబడింది.

“నువ్వు రాసుకో,” అంది.

ప్లగ్గు సర్దాను. దీపం పచ్చగా నిలబడింది. రాశాను. అయితే కోపం మాత్రం తగ్గలేదు. ముసలాయన మోకాలి గురించి రాస్తూనే లోపల ఆమెను తిట్టుకుంటున్నాను. ఇంత చోద్యం ఎక్కడైనా ఉందా? పాలామె వచ్చి వీధిలోంచి పిలిచి పిలిచి, లోపలికి తొంగి చూసి, దోటి పట్టుకుని నిలబడిన అత్తను చూసి పాలు వీధి గడప దగ్గర పెట్టి పోయింది. పిల్లి ఆ పాలు తాగింది. అత్త కళ్ళతోనే దాన్ని అదిలించింది, అది లెక్కచేయలేదు. కాసేపటికి వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది.

“పప్పు మాడతాంది అత్తా.”

“మాడనీ. నీ చెవులు ఆడ పెట్టు.”

అత్త చేయి మార్చుకున్నప్పుడల్లా తీగ కొంచెం ఊగేది, దీపం ఒక్కసారి కొట్టుకునేది, ఇద్దరమూ దాన్నే చూసేవాళ్ళం. చివరి పేజీకి వచ్చేసరికి దోటి కొస వణుకుతోంది. పూర్తి చేసి పంపించాను. కొంతసేపటికి కంపెనీ నుంచి జవాబు వచ్చింది. తప్పులు లేవు, లైను బాగుంది, రేపటి నుంచే మొదలుపెట్టమన్నారు.

హెడ్‌ఫోను తీసి ఆమె దగ్గరికి వచ్చాను. “వచ్చింది అత్తా, ఉద్యోగం వచ్చింది.”

“దించొచ్చునా?” అంది.

దోటి దించి గోడకు ఆనించి, అక్కడే గడప పక్కన కూర్చుంది. చేయి పైకి లేవడం లేదు. నేను భుజం ఒత్తుతూ, అంత సంతోషంలోనూ నోరు ఆపుకోలేకపోయాను. “ఒక్క దెబ్బ అత్తా. మేకు చేతిలో ఉండె, పొత్రం చేతిలో ఉండె. ఒక్కటి కొట్టుంటే సరిపోయుండు కదా. ఎవురు సూస్తారు?”

ఆమె గూట్లో ఉన్న పొత్రం వైపు చూసింది.

“ఈ ఇంటికి కరెంటు వచ్చినప్పుడు నాకు ఏడో నెల,” అంది. “నీ మొగుడు పుట్టకముందు సంగతి. వంటింట్లో బల్బు కావాలని నేనే పట్టుబట్టినా. వద్దనింది మా అత్త, నేను ఇనలేదు. కరెంటు తీగలకు చెక్కబద్దీలు పెట్టి గోడలంతా మేకులు కొట్టినారు. బల్బు ఎలిగింది. బిడ్డ దక్కలేదు.”

నా చేయి ఆమె భుజం మీద ఆగిపోయింది.

“మేకుల వల్లేనా అత్తా?”

“కాదని డాక్టరమ్మ సెప్పింది. కాదు, నాకూ తెలుసు. తెలిసి ఏం లాబం? పొత్రం ఎత్తితే చెయ్యి దిగేదే లేదు.” అరచేతిలో పడిన దోటి గుర్తులను బొటనవేలితో రుద్దుకుంది. “నీ పనీ పోగూడదు, బిడ్డా పోగూడదు. ఇంగేం జేసేది, పట్టుకోని నిలబడినా.”

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె కొంగుతో నా మొహం తుడిచింది.

“ఊరుకో. రేపు ఎన్ని గంటలకు మొదులు పెడతావో సెప్పు, పప్పు ముందే దించుకుంటా.”